ద్రవ్య తరంగాల లెక్కలో ముందు ద్రవ్యవేగం పట్టుకోండి

విజయవాడ, గుంటూరు జూనియర్ కాలేజీల్లో సీనియర్ ఇంటర్ పిల్లల్ని ఎవర్ని నిద్రలేపి అడిగినా, ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం "12.27 బై రూట్ వి" అని ఠక్కున చెప్పేస్తారు (వి అంటే ఎలక్ట్రాన్‌కు త్వరణం ఇచ్చిన ఓల్టేజీ, జవాబు ఆంగ్‌స్ట్రాముల్లో, అంటే 10⁻¹⁰ మీటర్లలో). అదే ప్రశ్న న్యూట్రాన్ గురించి అడిగితే చాలామంది ఆగిపోతారు. ఆవేశం లేని కణానికి ఓల్టేజీ ఎక్కడ పెడతాం? ఈ పాఠంలో ప్రశ్నలు కష్టమైనవేం కావు. తప్పులు మాత్రం దాదాపు అన్నీ ఒక్కచోటే పుడతాయి. ద్రవ్యవేగం (మామూలు కణానికి ద్రవ్యరాశి × వేగం) కనుక్కోకుండానే తరంగదైర్ఘ్యం మీదికి దూకేస్తారు.

లూయీ డీ బ్రాయ్ 1924లో పారిస్‌లో సమర్పించిన డాక్టరేట్ వ్యాసంలో ప్రతిపాదించినది, కదిలే ప్రతి కణంతోనూ ఒక తరంగం (ద్రవ్య తరంగం) ఉంటుందనీ, దానికి ఒకే సంబంధమనీ: తరంగదైర్ఘ్యం = ప్లాంక్ స్థిరాంకం ÷ ద్రవ్యవేగం. ఇందులో ఓల్టేజీ లేదు, ఉష్ణోగ్రత లేదు, గతిజ శక్తి కూడా లేదు. అవన్నీ ద్రవ్యవేగం కనుక్కోడానికి మనం పట్టుకునే దారులు. కాబట్టి లెక్క చేతికి రాగానే వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న "ఈ కణం ద్రవ్యవేగం ఎంత, దాన్ని ఇచ్చినవాటిలోంచి ఎలా తెస్తాను?" అన్నదే.

ఆ 12.27 ఎక్కడిదో ఒక్కసారి చేత్తో చేసి చూడండి, ఐదు నిమిషాలు చాలు. ఒక ఓల్టు కింద త్వరణం పొందిన ఎలక్ట్రాన్‌కు వచ్చే శక్తి 1.602 × 10⁻¹⁹ జౌళ్లు, దీన్నే ఒక ఎలక్ట్రాన్ ఓల్టు అంటారు. ద్రవ్యవేగం = √(2 × ద్రవ్యరాశి × గతిజ శక్తి). ద్రవ్యరాశి 9.109 × 10⁻³¹ కిలోలు పెడితే √(2.919 × 10⁻⁴⁹), అంటే 5.40 × 10⁻²⁵. దీంతో 6.626 × 10⁻³⁴ను భాగిస్తే 1.227 × 10⁻⁹ మీటర్లు. అదే 12.27 ఆంగ్‌స్ట్రాములు. ఓల్టులు పెరిగేకొద్దీ శక్తి అదే నిష్పత్తిలో పెరుగుతుంది, ద్రవ్యవేగం దాని వర్గమూలంగా పెరుగుతుంది, అందుకే కింద √ఓల్టులు వచ్చి కూర్చుంది. ఈ సంఖ్యలో ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి, ఎలక్ట్రాన్ ఆవేశం ముందే కలిసిపోయి ఉన్నాయి. ఇంకే కణానికీ అది పనికిరాదు. ప్రోటాన్ ద్రవ్యరాశి 1836 రెట్లు గనుక 12.27ను √1836తో భాగించాలి, 0.286 వస్తుంది. ఆల్ఫా కణానికి ప్రోటాన్‌తో పోలిస్తే ద్రవ్యరాశి 4 రెట్లు, ఆవేశం 2 రెట్లు. అంటే ఇంకో √8తో భాగించాలి, 0.101 వస్తుంది. ఈ మూడు సంఖ్యల్నీ బట్టీ పట్టించే పద్ధతి నాకు నచ్చదు. ఒక్కదాన్ని రాబట్టడం వస్తే మిగతా రెండూ అర నిమిషంలో వస్తాయి.

వేగాల సంగతి కూడా ఊహకు అందాలి. 100 ఓల్టుల ఎలక్ట్రాన్ వేగం సెకనుకు 5.93 × 10⁶ మీటర్లు. గాలి అడ్డం లేకపోతే విజయవాడ నుంచి గుంటూరుకు, 35 కిలోమీటర్లనుకుంటే, 6 మిల్లీసెకన్లలో చేరిపోతుంది. అంత వేగంలోనూ దాని తరంగదైర్ఘ్యం 1.23 ఆంగ్‌స్ట్రాములు, అంటే ఘనపదార్థంలో పరమాణువుల మధ్య ఉండే దూరమంత. ఎలక్ట్రాన్ వివర్తనం (సందుల గుండా పోయే తరంగం వంగి విస్తరించడం) స్ఫటికాల్లో బయటపడటానికి కారణం ఈ పొంతనే.

తరచుగా పడే తప్పు ఇంకొకటి: ఫోటాన్ (కాంతి కణం) సూత్రం తీసుకొచ్చి ఎలక్ట్రాన్‌కు వాడటం. ఫోటాన్‌కు 12400ను ఎలక్ట్రాన్ ఓల్టులతో భాగిస్తే ఆంగ్‌స్ట్రాముల్లో తరంగదైర్ఘ్యం వస్తుంది. 54 ఎలక్ట్రాన్ ఓల్టుల ఫోటాన్‌కు అది దాదాపు 230 ఆంగ్‌స్ట్రాములు. అంతే శక్తి ఉన్న ఎలక్ట్రాన్‌కు 1.67 మాత్రమే. డీ బ్రాయ్ సంబంధం రెండింటికీ ఒకటే, ద్రవ్యవేగం తెచ్చే దారే వేరు. ఫోటాన్‌కు శక్తిని కాంతి వేగంతో భాగిస్తాం, ఎలక్ట్రాన్‌కు వర్గమూలం తీస్తాం. ప్రశ్నను తిప్పి అడిగినా ఇదే విషయం. తరంగదైర్ఘ్యం 1.67 ఆంగ్‌స్ట్రాములే ఉన్న ఫోటాన్‌కు 7400 ఎలక్ట్రాన్ ఓల్టులు కావాలి, ఎలక్ట్రాన్‌కు 54 చాలు. ద్రవ్యవేగాలు సమానం, శక్తులు మాత్రం నూటికి పైగా రెట్లు తేడా.

"సమాన" అన్న మాట కనిపించినప్పుడు ఏది సమానమో కింద గీత గీసుకోండి. వేగాలు సమానమైతే తరంగదైర్ఘ్యం ద్రవ్యరాశికి విలోమం. గతిజ శక్తులు సమానమైతే ద్రవ్యరాశి వర్గమూలానికి విలోమం. ఓల్టేజీ సమానమైతే ఆవేశం కూడా లోపలికొస్తుంది. ద్రవ్యవేగాలే సమానమైతే లెక్కే లేదు, ఎలక్ట్రానైనా ఆల్ఫా అయినా తరంగదైర్ఘ్యం ఒకటే.

ఇక మొదట వదిలేసిన న్యూట్రాన్. దానికి శక్తి వేడి నుంచి వస్తుంది. సగటు గతిజ శక్తి (3/2) × బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం × ఉష్ణోగ్రత అనుకుంటే, తరంగదైర్ఘ్యం దాదాపు 25.2 ÷ √కెల్విన్లు, ఆంగ్‌స్ట్రాముల్లో. 27 డిగ్రీలు, అంటే 300 కెల్విన్ల దగ్గర 1.45. మే నెలలో బెజవాడ 45 డిగ్రీలకు ఎక్కినప్పుడు, 318 కెల్విన్ల దగ్గర, 1.41. ఇంతటి ఎండ తేడాకు మారింది 3 శాతం లోపే, ఎందుకంటే లెక్కలోకి వెళ్లేది 27, 45 కాదు, 300, 318. సెల్సియస్‌లోని 45ను నేరుగా పెట్టేసినవాళ్లకు 3.76 ఆంగ్‌స్ట్రాములు వస్తుంది, అది చూడ్డానికి నమ్మేలాగే ఉంటుంది, అక్కడే ప్రమాదం. ఇంకో జాగ్రత్త: కొన్ని లెక్కల్లో శక్తిని (3/2) లేకుండా బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం × ఉష్ణోగ్రత అని తీసుకుంటారు, అప్పుడు 300 కెల్విన్ల దగ్గర 1.78 వస్తుంది. రెండూ వాడుకలో ఉన్నవే. ప్రశ్నలో ఏది ఇచ్చారో చూసుకోవాలి. రియాక్టర్లలో మందగించిన న్యూట్రాన్లు స్ఫటికాల పరిశీలనకు అంత బాగా పనికొచ్చేది ఈ తరంగదైర్ఘ్యం వల్లే. మన దేశంలో ఆ పని ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ దగ్గర జరుగుతూ వచ్చింది.

క్రికెట్ బంతి లెక్క అందరూ చేసేదే. 160 గ్రాములు, గంటకు 140 కిలోమీటర్లు, తరంగదైర్ఘ్యం 1.07 × 10⁻³⁴ మీటర్లు. ప్రోటాన్ సైజు 10⁻¹⁵ మీటర్లు, కాబట్టి వివర్తనం చూపించే సందు ఎక్కడా ఉండదు. మంచి విద్యార్థి తర్వాత అడిగే ప్రశ్న దీనికంటే విలువైనది: "బంతి ఆగిపోతే ద్రవ్యవేగం సున్నా కదా, తరంగదైర్ఘ్యం అనంతం అవ్వాలి కదా?" దీనికి మాటలతో కాక సంఖ్యతో జవాబు చెప్పాలి. నేల మీద ఆగినట్టు కనిపించే బంతికి కూడా చుట్టూ ఉన్న వేడి వల్ల ఒక సూక్ష్మమైన కదలిక ఉంటుంది. స్వేచ్ఛగా ఉందనుకుని 300 కెల్విన్ల దగ్గర లెక్క కడితే ఆ వేగం సెకనుకు 2.8 × 10⁻¹⁰ మీటర్లు. ఆ వేగం దగ్గరా తరంగదైర్ఘ్యం 1.5 × 10⁻²³ మీటర్లే. ప్రోటాన్ దానికంటే కోట్ల రెట్లు పెద్దది. ద్రవ్యవేగం ఖచ్చితంగా సున్నా అన్న స్థితి బంతికి ఎప్పటికీ దొరకదు.

నికెల్ స్ఫటికం మీద ఎలక్ట్రాన్లను పంపి వాటి తరంగ స్వభావాన్ని చూపించిన డేవిసన్, జెర్మర్ ప్రయోగంలో పిల్లల్ని తికమకపెట్టేవి రెండు కోణాలు. నికెల్ మీద 54 ఓల్టుల ఎలక్ట్రాన్లు పడ్డప్పుడు 50 డిగ్రీల దగ్గర శిఖరం కనిపించింది. ఒక పుస్తకంలో 50 పెట్టి లెక్క చేస్తారు, ఇంకో పుస్తకంలో 65 పెడతారు, రెండింటికీ 1.65 ఆంగ్‌స్ట్రాములే వస్తుంది. 50 అనేది పడే పుంజానికీ వెనక్కి వచ్చే పుంజానికీ మధ్య కోణం. ఉపరితలం మీద పరమాణు వరసల మధ్య దూరం 2.15 ఆంగ్‌స్ట్రాములు, దాన్ని సైన్ 50తో గుణిస్తే 1.65. స్ఫటికంలోని పరమాణు తలాలు తరంగాన్ని అద్దాల్లా పరావర్తనం చేస్తాయనుకునే బ్రాగ్ పద్ధతిలో కోణాన్ని పరమాణు తలం నుంచి కొలుస్తాం, కాబట్టి 90లోంచి 50లో సగం తీసేస్తే 65. తలాల మధ్య దూరం 0.91, రెట్టింపు చేసి సైన్ 65తో గుణిస్తే మళ్లీ 1.65. కోణాన్ని ఒక పద్ధతి నుంచి, దూరాన్ని ఇంకో పద్ధతి నుంచి తీసుకున్నారంటే జవాబు గల్లంతే. డీ బ్రాయ్ సూత్రం ఇచ్చేది 1.67. ఈ స్వల్ప తేడా గురించి కంగారు అక్కర్లేదు. 54 ఓల్టుల ఎలక్ట్రాన్లు స్ఫటికంలోకి కొద్ది పొరల లోతే వెళ్తాయి, అందుకే శిఖరం సూదిలా కాక వెడల్పుగా ఉంటుంది.

ఆ ప్రయోగానికి స్ఫటికం దొరికిన తీరు మాత్రం తెలుసుకోదగ్గది. 1925లో వాళ్ల ల్యాబులో ద్రవ వాయువు సీసా పేలి, వేడిగా ఉన్న నికెల్‌కు గాలి తగిలి ఆక్సైడ్ పొర పట్టింది. దాన్ని వదిలించడానికి చాలాసేపు కాల్చారు. ఆ కాల్పులో చిన్న చిన్న స్ఫటికాల ముద్ద కాస్తా కొన్ని పెద్ద స్ఫటికాలుగా మారింది, వెదజల్లే తీరు పూర్తిగా మారిపోయింది. 1927కల్లా ఫలితం అచ్చయింది. అదే ఏడాది అబర్డీన్‌లో జి.పి.థామ్సన్ పలచని పొరల గుండా ఎలక్ట్రాన్లను పంపి వలయాలు చూశారు.

ఆ వలయాల్ని ఇప్పుడు డిగ్రీ, పీజీ ల్యాబుల్లో గ్రాఫైట్ గొట్టంతో చూడొచ్చు. గొట్టం అందుబాటులో ఉంటే తప్పకుండా చేయాల్సిన ప్రయోగం ఇది. గాజు బుడ్డి, లోపల ఎలక్ట్రాన్ గన్, దాని ముందు సన్నటి జాలీ మీద గ్రాఫైట్ పొర, ఎదురుగా గాజు మీద ఫాస్ఫర్ తెర. గ్రాఫైట్ నుంచి తెరకు దూరం మామూలుగా దొరికే గొట్టాల్లో 135 మిల్లీమీటర్లు. మీ గొట్టం కాగితంలో ఎంత ఉందో చూసుకుని అదే వాడండి. ముందు ఫిలమెంట్‌కు 6.3 ఓల్టులు ఇచ్చి ఒక నిమిషం వేడెక్కనివ్వాలి. ఆ తర్వాతే యానోడ్ ఓల్టేజీని సున్నా నుంచి మెల్లగా ఎక్కించాలి. 2 కిలోఓల్టుల దగ్గర వలయాలు మసక మసగ్గా మొదలవుతాయి, 3 దాటాక స్పష్టంగా కనిపిస్తాయి. 5 కిలోఓల్టులు దాటనివ్వకండి. యానోడ్ కరెంటు 0.2 మిల్లీ యాంపియర్లకు మించితే గ్రాఫైట్ పొర కాలిపోతుంది. గ్రాఫైట్ ఉన్నచోట మసక ఎరుపు కనిపించిందంటే వెంటనే ఓల్టేజీ దించేయాలి. పొర పోతే గొట్టం పోయినట్టే, దానికి రిపేరు లేదు. కరెంటు ఆపిన వెంటనే వైర్లు ముట్టుకోకూడదు.

మన దగ్గర అదనంగా చూసుకోవాల్సినవి ఉక్కపోత, దుమ్ము. కృష్ణ పక్కన వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. గొట్టం మొదలు దగ్గర సాకెట్ మీద దుమ్ము తేమ పట్టి ఉంటే అధిక ఓల్టేజీ దాని మీదుగా లీకవుతుంది, మీటరు ముల్లు నిలవదు, చిటపటమంటుంది. మొదలుపెట్టే ముందు పొడి గుడ్డతో శుభ్రంగా తుడవాలి. వేసవి మధ్యాహ్నాల్లో లైను ఓల్టేజీ ఊగితే ఫిలమెంట్ కాంతీ ఊగుతుంది, వలయాల వెలుగూ ఊగుతుంది. స్టెబిలైజర్ మీద పెట్టడం మంచిది. కిటికీలకు నల్లగుడ్డ కట్టాలి. పగటి వెలుగులో బయటి వలయం అసలు ఆనదు.

మధ్యలో ప్రకాశమైన చుక్క, చుట్టూ రెండు వలయాలు కనిపిస్తాయి. గ్రాఫైట్‌లో పరమాణు తలాల మధ్య రెండు దూరాలున్నాయి: 0.213, 0.123 నానోమీటర్లు. వ్యాసం = 2 × గ్రాఫైట్ నుంచి తెరకు దూరం × తరంగదైర్ఘ్యం ÷ గ్రాఫైట్ తలాల దూరం. తలాల దూరం తక్కువైతే వలయం పెద్దదవుతుంది, ఇది తలకిందులుగా గుర్తుపెట్టుకునేవాళ్లు ఎక్కువ. 3 కిలోఓల్టుల దగ్గర తరంగదైర్ఘ్యం 22.4 పికోమీటర్లు, లోపలి వలయం 28.4 మిల్లీమీటర్లు, బయటిది 49.2 రావాలి. 5 కిలోఓల్టులకు పెంచితే 22.0కీ 38.1కీ ముడుచుకుంటాయి. ఓల్టేజీ పెంచుతుంటే వలయాలు కళ్లముందే లోపలికి కుంచించుకుపోవడం ఈ ప్రయోగం మొత్తంలో చూసి తీరాల్సిన క్షణం. ద్రవ్యవేగం పెరిగితే తరంగదైర్ఘ్యం తగ్గుతుందన్న వాక్యానికి ఇంతకంటే నేరుగా సాక్ష్యం లేదు. ఓల్టేజీ ఏదైనా సరే, రెండు వ్యాసాల నిష్పత్తి √3 దగ్గర, అంటే 1.73 ఉండాలి. గ్రాఫైట్ షడ్భుజి అమరిక నుంచి వచ్చే సంఖ్య అది. మీ పట్టికలో 1.6కు దిగినా 1.9కి ఎక్కినా లెక్క దాకా వెళ్లకుండా కొలతే మళ్లీ తీసుకోండి.

వలయానికి మందం ఉంటుంది కాబట్టి లోపలి అంచూ బయటి అంచూ రెండూ కొలిచి సగటు తీయాలి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. అందరూ బయటి అంచే కొలిస్తే ప్రతి రీడింగుకూ ఇంచుమించు అంతే పొడవు కలుస్తుంది. వ్యాసానికీ 1 ÷ √ఓల్టులకూ గీసిన గ్రాఫు అప్పుడు మూలబిందువు గుండా పోకుండా పైన తగులుతుంది. గీత పైకి జరిగిందంటే ముందు అనుమానించాల్సింది కొలిచిన పద్ధతినే. మీటరులో కిలోఓల్టులు చూసి √3 వేయడం మరో పొరపాటు, అక్కడ ఉండాల్సింది √3000. గాజు వంపు సంగతీ ఉంది. కాలిపర్‌తో నేరుగా కొలిచింది సూత్రం ఇచ్చేదానికంటే కొంచెం చిన్నగా వస్తుంది, ఈ కొలతల గొట్టంలో బయటి వలయానికి 2 శాతం దాకా, లోపలిదానికి ఒక శాతం లోపు. దాంతో నిష్పత్తి కూడా 1.73కు కాస్త కిందే ఉంటుంది. సాపేక్షతా సవరణ 5 కిలోఓల్టుల దగ్గర పావు శాతమే, వదిలేయొచ్చు. 100 కిలోఓల్టుల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గర మాత్రం వదలడానికి లేదు: మామూలు సూత్రం 3.88 పికోమీటర్లు చెప్తే, అసలు విలువ 3.70.

చివర్లో ఒక చిన్న అయస్కాంతం తెచ్చి బుడ్డి దగ్గర పెట్టండి. వలయాలు, మధ్య చుక్క అన్నీ కలిసి పక్కకు జరుగుతాయి. వలయాలు గీసింది ఎక్స్-కిరణాలైతే అయస్కాంతానికి కదలవు. తరంగంలా వలయం కట్టినవీ, ఆవేశమున్న కణాల్లా పక్కకు వంగినవీ ఒకటే.

చుక్కలు రాకుండా వలయాలే ఎందుకొస్తాయో గొట్టం లేకుండానే చూపించొచ్చు. విజయవాడ బీసెంట్ రోడ్డులో దొరికే ఎర్ర లేజర్ పాయింటర్, పలచటి మంగళగిరి నూలు చున్నీ ఒకటి చాలు. చున్నీని ఎంబ్రాయిడరీ రింగులో బిగించి, లేజర్‌ను దాని గుండా 5 మీటర్ల దూరంలోని గోడ మీదికి పంపండి. గోడ మీద కూడిక గుర్తులా చుక్కల వరసలు పడతాయి. సెంటీమీటరుకు 30 పోగులుంటే, 650 నానోమీటర్ల కాంతికి పక్కపక్క చుక్కల మధ్య దూరం 9.8 మిల్లీమీటర్లు. పోగులు లెక్కబెట్టి మీ చున్నీకి ఎంత రావాలో చూసుకోండి. ఇప్పుడు రింగును గిర్రున తిప్పితే చుక్కలు వలయాలవుతాయి. గ్రాఫైట్ పొరలో చిన్న చిన్న స్ఫటికాలు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి, తిప్పే పని అక్కడ అవే చేసిపెడుతున్నాయి. లేజర్‌ను ఎవరి కంటి ఎత్తులోనూ పెట్టకండి.

సైద్ధాంతికంగా పిల్లల్ని ఇరికించేది వేగం లెక్క. పౌనఃపున్యం అంటే శక్తి ÷ ప్లాంక్ స్థిరాంకం, శక్తిగా గతిజ శక్తి పెట్టి, దాన్ని తరంగదైర్ఘ్యంతో గుణిస్తే కణం వేగంలో సగం వస్తుంది. "తరంగం కణం కంటే వెనకబడిందా?" అని అడుగుతారు. అది దశా వేగం, ఒక్క అల శిఖరం కదిలే వేగం. కణంతో పాటు నడిచేది తరంగాల గుంపు, దాని సమూహ వేగం లెక్కేస్తే కణం వేగమే వస్తుంది. విరామ శక్తిని (కదలకున్నా ద్రవ్యరాశి వల్ల ఉండే శక్తిని) కూడా కలిపితే దశా వేగం కాంతి వేగాన్ని మించుతుంది. దాని మీద ఏ సమాచారమూ ప్రయాణించదు గనుక చిక్కు లేదు. రెండు సందర్భాల్లోనూ సమూహ వేగం మారదు, అందుకే కొలతకు పట్టుబడేది అదొక్కటే.

ఎలక్ట్రాన్ పాములా మెలికలు తిరుగుతూ పోతుందని నోటుబుక్కుల్లో గీసే బొమ్మను కొట్టేయించాలి. తెర మీద ప్రతి ఎలక్ట్రానూ ఒకేచోట ఒక చుక్కగానే పడుతుంది. 1989లో హిటాచీలో టొనొమురా బృందం ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపి చూపించింది. మొదట చుక్కలు ఎక్కడపడితే అక్కడ పడ్డట్టుంటాయి, వేలల్లో పోగయ్యాక చారలు తేలతాయి. తరంగం చెప్పేది చుక్క ఎక్కడ పడే అవకాశం ఎంత అన్నది. పరిమాణం పెరిగినా ఈ నియమం తప్పలేదు. 1999లో వియన్నాలో 60 కార్బన్ పరమాణువుల ఫుల్లరీన్ అణువులతో చేశారు. ద్రవ్యరాశి 720 పరమాణు ద్రవ్యరాశి యూనిట్లు, వేగం సెకనుకు 220 మీటర్లు అని పెట్టి మీరే కట్టండి, 2.5 పికోమీటర్లు వస్తుంది. 2019కి అదే నగరంలో 25,000 యూనిట్లు దాటిన అణువులకు వ్యతికరణం (తరంగాలు కలిసి చారలు కట్టడం) చూపించారు.

హైడ్రోజన్ పరమాణువు దగ్గర ఒక సరిచూపు చేసుకోవచ్చు. మొదటి కక్ష్య చుట్టుకొలత 2 × పై × 0.529, అంటే 3.32 ఆంగ్‌స్ట్రాములు. ఆ స్థితిలో గతిజ శక్తి 13.6 ఎలక్ట్రాన్ ఓల్టులు. 12.27ను √13.6తో భాగించినా 3.33. చుట్టుకొలతలో సరిగ్గా ఒక తరంగం పట్టిందన్నమాట. పరీక్షకు ఈ బొమ్మ చాలు, డిగ్రీలోకి వెళ్లేవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. భూస్థితిలో ఎలక్ట్రాన్ కోణీయ ద్రవ్యవేగం సున్నా, గుండ్రంగా తిరిగే దారి అంటూ అక్కడ లేదు. శక్తి విలువలు సరిగ్గా వచ్చినా కక్ష్య బొమ్మ నిలవదు, దాని స్థానంలో ష్రోడింగర్ సమీకరణం ఇచ్చే తరంగ ప్రమేయం వస్తుంది. ఆ ప్రమేయంలోంచి ద్రవ్యవేగాన్ని ఎలా రాబట్టాలన్నది బీఎస్సీ క్వాంటం మెకానిక్స్‌లో నేర్చుకునే పని.